డాక్టరు గడ్డి

మొన్న మా అమ్మాయి ఇంటి ముందు పచ్చిక పరవడానికి నర్సరీ అతనొకడు వచ్చాడు. గడ్డిని చాపచుట్టలా చుట్టి ఆటోలో వేసుకొచ్చాడు. "నీళ్ళు పొయ్యండమ్మా చాలు, నెల తిరిగేసరికి గోడదాకా అల్లుకుపోద్ది" అన్నాడు. "అల్లుకున్నాక ఆపడం ఎలాగ?" అన్నాను. పాపం, పచ్చిక కొనేవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు. మా అమ్మాయి లోపల్నుంచి, "అమ్మా, నీ అరకు గోల మళ్ళీ మొదలెట్టకు" అని కేకేసింది. ఆ గోల నాది కాదు, మా పక్క క్వార్టరాయనది. ఆయనే ఉండి ఉంటే ఆ చాపచుట్టని ఆటో దిగనిచ్చేవారు కాదు.

అరకులో కొండవాళ్ళు ఆయన్ని గొడ్ల డాక్టరు అనేవాళ్ళు. డాక్టరేం కాదు, పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారి కింద ఉద్యోగి. ఆ డాక్టరుగారు నెలలో సగం రోజులు పాడేరు ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఉండేవారు కాబట్టి సూదులు వెయ్యడం, కట్లు కట్టడం, అడ్డం తిరిగిన దూడని లాగడం అన్నీ ఈయన మీదే పడేవి. నేను అదే ఊళ్ళో మనుషుల ఆసుపత్రిలో నర్సుని. అరవైల చివర, రైలు లైను ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, విజయనగరం వైపునుంచి ఉద్యోగానికని కొండెక్కాను. మా రెండు క్వార్టర్లకీ మధ్య ఒక వెదురు దడి ఉండేది. "నువ్వు మనుసులకి పురుడు పోత్తావు, నాను గొడ్లకి పోత్తాను. మనిద్దరిదీ ఒకటే కులం సెల్లెమ్మా" అనేవారు. సాలూరు దగ్గర పల్లెటూరి మనిషి. ఎంత పెద్ద ఆఫీసరుతో మాట్లాడినా ఆ యాస మార్చుకునేవారు కాదు. నాకు ఆయన అన్నయ్యగారు, ఆయన భార్య వదినగారు.

పొట్టి మనిషి. మోకాళ్ళదాకా ఖాకీ నిక్కరు, చెవి మీద సగం కాల్చిన చుట్ట, చంకలో గోనెసంచి, చేతిలో బొరిగె. కూరగాయల మళ్ళలో కలుపు తవ్వుకునే చిన్న పార అది. ఎవరింటికి వచ్చినా వీధి గుమ్మంలోంచి వచ్చేవారు కాదు. దొడ్డిదారిన చొరబడి, పెరడంతా ఒక చుట్టు తిరిగి, ఏ వంగమొక్క వెనకో గొంతుక్కూర్చుని, కాసేపు తనలో తను మాట్లాడుకుని, అప్పుడు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి "టీ నీళ్ళున్నాయేటమ్మా" అనేవారు. మొదటిసారి నేను దొంగనుకుని రోకలి తీశాను. ఆయన బెదరలేదు. "అది కాదు సెల్లెమ్మా, గునపం ఉంటే అట్రా" అన్నారు.

తనలో తను మాట్లాడుకుంటారని అనుకున్నాను గాని, ఆ మాటలు గడ్డితో. "ఏటే, మళ్ళీ ఒచ్చినావా? మొన్నగదే నిన్ను సాగనంపినాను. సిగ్గనేది లేదేటి నీకు?" అని తిట్టేవారు. అత్తారింటికి పంపిన కూతురు మాటిమాటికీ పుట్టింటికి వచ్చేస్తే తండ్రి తిట్టినట్టుండేది. నిజానికి ఆ గడ్డిని మా ఊరికి తెచ్చిన తండ్రి కూడా ఆయనే.

సంగతేమిటంటే, డెబ్బైల మొదట్లో కొండవాళ్ళకి పంచడానికి కింద మైదానంనుంచి సంకరజాతి దూడలు వచ్చాయి. ఎర్రగా, నున్నగా, చెవులు వేలాడేసుకుని ముచ్చటగా ఉండేవి. మా కొండల మీది మేతకి అవి నిలబడవని, వాటి వెనకాలే ఒక లారీనిండా పారా గడ్డి కాడలు వచ్చాయి. ఆ లారీకి ఆయన ఊరి చివరిదాకా ఎదురెళ్ళారు. కాడల్ని జానెడేసి ముక్కలు చేసి, తడిగోనెలో చుట్టి, ఇల్లిల్లూ తిరిగి నాటారు. "ముక్క గుచ్చితే సాలు. దుక్కి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు. తడున్న కాడ తనే ఎల్లిపోతాది" అని చాటారు. మా క్వార్టర్ల పెరళ్ళ చివర, వాడుకనీళ్ళు పోయే చోటల్లా ఆయనే గుచ్చారు. మా దడి పక్కన నాటిన రోజున నేను పకోడీలు వేసి పెట్టాను కూడా.

ఆయన చెప్పినట్టే అది తనే వెళ్ళిపోయింది. కాడ నేల మీద పాకుతూ పోతుంది. కణుపు నేలకి తగిలిన చోటల్లా వేరు దిగుతుంది, అక్కడినుంచి మళ్ళీ కాడలు బయల్దేరతాయి. మొదటి వానలకి నా కొత్తిమీర పోయింది. ఆ తర్వాతి వానలకి తోటకూర మడి, పొట్లపాదు మొదలు, అరటి పిలకలు అన్నీ దాని కడుపులోకి వెళ్ళిపోయాయి. పైనుంచి చూస్తే కన్నులపండువగా ఉండేది, పచ్చగా, మోకాలెత్తున. తినడానికి ఒక్క ఆకు లేదు. కొండవాళ్ళు దానికి డాక్టరు గడ్డి అని పేరు పెట్టారు. "మా మడినిండా డాక్టరు ఒచ్చీసినాడు" అని సంతలో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వేవాళ్ళు. ఆయన వింటూ ఉల్లిపాయలు ఏరుకునేవారు, తలెత్తకుండా.

నవ్వినవాళ్ళతో ఆయనకి బాధ లేదు. నవ్వని మనిషి ఒకర్తి ఉంది. బుద్రి.

మా పెరళ్ళు పల్లంలోకి దిగి గెడ్డ దగ్గర ఆగుతాయి. గెడ్డంటే మా వైపు చిన్న ఏరు. దానికి అవతలి గట్టున బుద్రి భూమి. భూమంటే ఎంతని, మా క్వార్టర్ల వరసంత పొడవు, నాలుగు బారల వెడల్పు. భర్త పోయిన మనిషి, ఆ ముక్కే ఆమెకి ఆధారం. చిక్కుళ్ళు, పసుపు, కాస్త అల్లం పండించి సంతకి తెచ్చేది. దూడ ఒద్దు ఒద్దంటే ఈయనే ఆమె ఇంటి చుట్టూ తిరిగి ఒప్పించారు. "పాలమ్ముకుందూగాని, కూలికెళ్ళక్కర్లేదు" అన్నారు. గెడ్డ గట్టు పొడుగునా గడ్డి ఆయనే స్వయంగా నాటారు. ఆ దూడ మొదటి వానాకాలం దాటలేదు. గట్టి జ్వరం పట్టుకుంది. ఆయన దాని పక్కనే పాకలో కూర్చుని, దాని తల తన ఒళ్ళో పెట్టుకుని, తనకి తెలిసిన మందులన్నీ వేశారు. అది ఆయన ఒళ్ళోనే పోయింది.

గడ్డి మాత్రం గట్టు దిగి పసుపు మళ్ళలోకి వచ్చింది. మరుసటేడు బుద్రి పసుపు తవ్వుకుంటే కొమ్ములకి బదులు తెల్లటి వేళ్ళు వచ్చాయి. ఆమె రోడ్డుపనికి రాళ్ళు మొయ్యడానికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన ఎదురైతే అంది, "దూడ పోనాది. గడ్డి ఉండిపోనాది." అంతే. ఆ తర్వాత ఆయనతో మాట్లాడడం మానేసింది. తిట్టలేదు, నలుగురిలో పెట్టలేదు. ఆయన కనిపిస్తే మొహం అటు తిప్పుకునేది.

ఆయన నలుగురు కూలీల్ని పెట్టి, పారలతో ఆ గడ్డిని నరికించి, దున్నించి, చదును చేయించారు. సాయంత్రానికి భూమి అద్దంలా కనిపించింది. మా వరండాలోకి వచ్చి, "పని అయిపోనాది సెల్లెమ్మా" అని కాళ్ళు బారజాపుకుని చుట్ట ముట్టించారు. ఆ వారం వానపడింది. పారకి తెగిన ప్రతి ముక్కా ఒక మొక్కయి లేచింది. అంతకు ముందు గట్టువారనే దట్టంగా ఉన్న గడ్డి ఇప్పుడు మడంతా సమానంగా, వరి ఊడ్చినట్టు వచ్చింది. గడ్డిని నాటినాయనే మళ్ళీ కూలిచ్చి మరీ నాటించినట్టయింది. ఊరంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గాని, దడి అవతల వదినగారు, "రెండ్రోజులై మెతుకు ముట్టలేదమ్మా ఈయన" అనేసరికి ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది.

అక్కడినుంచి మొదలయ్యాయి ఆయన ఆదివారాలు. పొద్దున్నే గంజి తాగి, గోనెసంచి, బొరిగె పట్టుకుని గెడ్డ దాటేవారు. గట్టు పై చివర గొంతుక్కూర్చుని, ఒక్కొక్క కాడ మొదలు పట్టుకుని, చుట్టూ మన్ను గుల్ల చేసి, తొందర లేకుండా లాగేవారు. చిక్కు పడిన పిల్ల జుట్టు దువ్వుతున్నట్టే, తెగకుండా. కణుపు తెగి మట్టిలో ఉండిపోతే దాన్ని వేళ్ళతో కెలికి తీసేదాకా అక్కడినుంచి జరిగేవారు కాదు. "ఏరుంచీసి ఆకు పీకితే దానికి చవరం సేసినట్టే" అనేవారు. పీకింది నేల మీద పడెయ్యకూడదు. సంచిలో వెయ్యాలి, ఎండలో బండరాయి మీద ఆరబెట్టాలి, గలగలమన్నాక కాల్చాలి. సంచి మోసుకొస్తుంటే దారిలో ఒక పోచ జారినా వెనక్కి వెళ్ళి తెచ్చుకునేవారు. పూత కంట పడితే మాత్రం మొహం నల్లగా అయిపోయేది. పూసిన కంకిని జేబులో వేసుకుని, గుండీ పెట్టుకునేవారు.

బుద్రి ఆ ఆదివారాలు గుమ్మంలో కూర్చుని చింతపండు వలుచుకుంటూనో, చేటతో చెరుగుతూనో ఉండేది. ఎండలో మనిషి మాడిపోతున్నా చెంబెడు నీళ్ళు ఇచ్చేది కాదు. కొండవాళ్ళు దారినపోయేవాణ్ణి కూడా పిలిచి గంజి పోస్తారు. కాబట్టి ఆ ఇవ్వకపోవడం చిన్న విషయం కాదు. అది ఆయనకీ తెలుసు.

నేను పిల్లలకి టీకాలు వెయ్యడానికి గెడ్డ అవతల బుద్రివాళ్ళ ఊరు వెళ్ళొచ్చినప్పుడల్లా దడి దగ్గర కాపు వేసి ఉండేవారు.

"ఎల్లినావేటి అటు?"

"వెళ్ళానండి."

"ఆవిడేటైనా అన్నాదా?"

"ఏమీ అనలేదండి."

"నా గురించి కాదు. గడ్డి గురించేటైనా."

"గడ్డి గురించీ అనలేదు, మీ గురించీ అనలేదు. వాళ్ళ మనవరాలికి దగ్గంటే మందిచ్చి వచ్చాను."

"సర్లే," అనేవారు. కాస్త ఆగి, "దగ్గు తగ్గినాదేటి?" అని అడిగేవారు.

వదినగారు వినేవారు ఇదంతా. ఆవిడకి మల్లెతీగ పెట్టుకోవాలని ఎన్నేళ్ళ కోరికో. ఆయన పడనిచ్చేవారు కాదు. తీగ కింద గడ్డి దాక్కుంటుందట. ఆయన పెరడు కళ్ళం చేసినట్టు బోడిగా ఉండేది. "పెళ్ళయిన కాణ్ణించి నన్నయినా అంత పరీచ్చగా సూణ్ణేదమ్మా, ఆ గడ్డిని సూసినట్టు" అనేది వదినగారు. ఆయన విననట్టు చుట్ట సర్దుకునేవారు.

మా కాంపౌండరుగారి అమ్మాయి పెళ్ళి క్వార్టర్లలోనే చేశారు. ఈయన తెల్ల పంచె, ఉతికిన చొక్కా, పైమీద కండువా వేసుకుని పెద్దమనిషిలా వచ్చి కూర్చున్నారు. పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. ఈయన కళ్ళు పెళ్ళికూతురి మీద లేవు, పెళ్ళికొడుకు మీద లేవు. రాట దగ్గర ఉన్నాయి. రాట మొదట్లో పచ్చగా ఏదో కనిపించింది. కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత కుర్చీలోంచి జారి, గొంతుక్కూర్చుని, దాని మొదలు పట్టుకున్నారు. అది వస్తూనే ఉంది. ఈయన లాగుతూనే ఉన్నారు. కాడ రాట కిందుగా పోయింది కాబట్టి మన్ను కెలికారు, ఇంకాస్త కెలికారు. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి రాట ఒరిగి పందిరి ఒక మూల పెళ్ళివారి నెత్తిన కూర్చుంది. అందరూ లేచి పరుగు. తాటాకుల కిందనుంచి ఈయన బయటికి వచ్చి, బారెడు కాడని ఎత్తి చూపించి, "ఒచ్చీసినాది, మొత్తం ఒచ్చీసినాది" అన్నారు. మగపెళ్ళివారి పెద్ద ఒకాయన, "ఎవరండీ ఈ మనిషి?" అని అడిగితే నేను, "పెళ్ళికూతురి తరఫువారేనండి, పశువుల డాక్టరు" అన్నాను.

ఇంకోసారి పాడేరునుంచి జీపులో పెద్ద ఆఫీసరొకాయన వచ్చాడు. ఆసుపత్రి వెనకాల గడ్డిని చూసి మురిసిపోయాడు. "ఎంత బాగా వచ్చిందయ్యా, హుకుంపేటలో కూడా వేయిద్దాం, ఓ రెండు బళ్ళ కాడలు పంపు" అన్నాడు. ఈయన చేతులు కట్టుకుని నిలబడి, "దానికి తెగులొచ్చినాదండి" అన్నారు.

"గడ్డికి తెగులేమిటయ్యా? పచ్చగా ఉందిగా."

"లోన ఉన్నాదండి. పైకి తెలీదు. గొడ్డు తింటే కష్టం."

ఆఫీసరు ఒక కాడ విరిచి, అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, చెయ్యి తుడుచుకున్నాడు. జీపు వెళ్ళాక నేను దడి మీదుగా, "అబద్ధాలు బాగానే వచ్చాయే మీకు" అన్నాను. "అబద్ధమేటి," అన్నారు ఆయన, "హుకుంపేటలో బుద్రిలు నేరేటి?" ఆ ఏడాది ఆయనకి రావలసిన ప్రమోషను రాలేదు. ఆ తెగులు సంగతికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు. వదినగారు మాత్రం ఉందనే అనేది.

ఎండాకాలాలు, వానాకాలాలు పోతూనే ఉన్నాయి. గెడ్డ అవతల ఆయన శుభ్రం చేసిన ముక్క కొంచెం కొంచెం కిందకి జరుగుతోంది. వానలు పడితే మళ్ళీ సగం వెనక్కి వచ్చేది. ఒక ఆదివారం ఆయన మధ్యాహ్నమే తిరిగొచ్చి మా గుమ్మంలో చతికిలబడ్డారు. ఒంట్లో బాగోలేదేమోనని చెయ్యి పట్టుకుని చూశాను.

"ఒంటికేటీ నేదు. ఆవిడ ఉలవలు జల్లినాది."

"ఎక్కడ?"

"నాను బాగు సేసిన కాడ. బాగా ఒత్తుగా జల్లినాది. ఉలవతీగ నేలంతా కప్పీసినాదంటే ఇంక ఈ గడ్డికి ఎండ తగల్దు. ఎండ నేకపోతే అది సచ్చిపోతాది సెల్లెమ్మా. నాను సెప్పనేదు, ఆవిడకే తోసినాది."

"మాట్లాడిందా?"

"మాటెందుకు. జల్లినాది గదా."

తర్వాతి వానలప్పుడు ఇంకోటి జరిగింది. బండరాయి మీద తను పీకని గడ్డి ఒక కుప్ప ఆరుతూ కనిపించిందట. వేళ్ళతో సహా, కణుపు తెగకుండా, అచ్చం ఆయన పీకినట్టే. ఆ కబురు ఆయన మాకు ఎలా చెప్పారంటే, కూతురికి సంబంధం కుదిరిందని చెప్పినట్టు చెప్పారు. వదినగారు నావైపు చూసి కళ్ళు తుడుచుకుంది. మల్లెతీగ సంగతి ఆవిడ ఆ రోజు అడిగి ఉంటే ఒప్పేసుకునేవారే.

చివరికి, ఆయన రిటైరయ్యే ముందటి చలికాలం, ఆ భూమంతా చిక్కుళ్ళు కాశాయి. పై గట్టునుంచి కింది గట్టుదాకా. నేను ఆ ఊరు వెళ్ళినప్పుడు బుద్రి నన్ను ఆపింది.

"సిస్టరమ్మా, కొత్త తింతన్నాం. ఆ గొడ్ల డాక్టర్ని రమ్మను."

కొండల మీద కొత్త పంట ఏదొచ్చినా అందుకోసం ఒక రోజు పెట్టుకుని, పూజ చేసుకుని, అప్పుడు తింటారు. అంతవరకు చేలో కాయ ముదిరి పగిలిపోయినా ఎవరూ నోట్లో వేసుకోరు. దాన్నే కొత్త తినడం అంటారు. ఆయన్ని ఎందుకు పిలుస్తోందో నాకు అర్థం కాలేదు. అడిగాను. "బూమిలో పని సేసినోడు తినకండా ఇంటోలు తింతారేటి? అలగ మా కాడ నేదు" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

ఆ రోజు ఆయన అవస్థ చూడాలి. పంచె కట్టారు, విప్పారు. నిక్కరు వేసుకున్నారు, అదీ విప్పారు. "గడ్డి పీకడానికెల్తన్నట్టుంటాది" అని మళ్ళీ పంచె కట్టారు. తీరా బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ చంకలో గోనెసంచి ఉంది. వదినగారు లాక్కుని లోపల పడేసింది. నన్ను కూడా తోడు రమ్మన్నారు.

బుద్రి ఇల్లు అలికి ముగ్గేసి ఉంది. గుమ్మం పక్కన ఆయనకి విస్తరాకు వేసింది. సామ అన్నం, చిక్కుడుగింజల కూర పెట్టి, ఎదురుగా నిలబడి, అన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది.

"తిను. కోపం ఒగ్గీసినాననుకోకు. ఆ దూడకి నాను గంజి పోసినాను, రోజూ దాని మెడ తోమినాను. అదెల్లిపోనాది. మా కూతురుగుంట సదువు మానీసి నాతో రాళ్ళు మోసినాది. అది నాను మర్సిపోను. పని సేసినావు, తిను."

ఆయన "అలాగేనమ్మా" అన్నారు. తల వంచుకుని తిన్నారు, ఆకులో గింజ మిగల్చకుండా. కంట్లోంచి నీళ్ళు కూరలో పడుతున్నా ఆపలేదు. నేను అటు తిరిగి దూలానికి వేలాడుతున్న మొక్కజొన్న కంకుల్ని చూస్తూ కూర్చున్నాను. తిరిగి వస్తుంటే గెడ్డ మధ్యలో నిలబడి అన్నారు: "అన్నం పెట్టి మరీ తిట్టినాది సెల్లెమ్మా. పరాయోల్ని అలగ తిడతారేటి?" ఆయన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళిపందిరి కూల్చిన రోజు కూడా అంత లేదు.

రిటైరయి సాలూరు దగ్గర సొంతూరు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు మా అందరి పెరళ్ళూ చివరిసారి గాలించి, ఎక్కడెక్కడ కన్నేసి ఉంచాలో చెయ్యి పట్టుకుని మరీ చూపించారు. ఆ తర్వాత ఏటా చలికాలంలో, బుద్రి కొత్త తినే రోజుకి, బస్సులు మారి కొండెక్కి వచ్చేవారు. నేనే కబురు పంపేదాన్ని. పొద్దున్న వచ్చి, భూమంతా ఒకసారి తిరిగి, గుమ్మం పక్కన కూర్చుని ఆమె పెట్టింది తిని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయేవారు. ఆమె ప్రతి ఏడూ ఏదో ఒకటి అనేది. దూడ మాట ఎత్తకుండా ఉండేది కాదు. ఆయన "అలాగేనమ్మా" అనేవారు.

ఎనభైల్లో ఒక ఏడాది నేను బస్సు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. జనం దిగారు, బస్తాలు దిగాయి, ఆయన దిగలేదు. సాలూరు వైపునుంచి వచ్చిన వాళ్ళ ఊరతను ఒకడు నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చాడు. ఆయన పోయిన వారమే పోయారట. చేలో కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. వదినగారు నాకు చెప్పమందని చెప్పి, అతను మళ్ళీ బస్తాల దగ్గరికి వెళ్ళాడు.

నేను అక్కడే ఒక రాయి మీద కూర్చుని ఏడ్చాను. ఆసుపత్రిలో ఎంతమందిని చూశానో, నర్సులకి కన్నీళ్ళు ఉండవనుకునేదాన్ని. తర్వాత లేచి గెడ్డ వైపు నడిచాను. బుద్రికి ఎవరో ఒకరు చెప్పాలి కదా.

కొత్త సిద్ధంగా ఉంది. గుమ్మం పక్కన ఆయనకి ఆకు వేసి, అన్నం కూడా పెట్టేసి ఉంచింది. ఇంట్లోవాళ్ళు ఆకలితో అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆయన వస్తేగాని ఎవరూ తినకూడదు.

"బస్సు రానేదేటి?" అంది నన్ను చూసి.

"బస్సు వచ్చింది బుద్రీ. ఆయన రారు." ఇంక ఎలా చెప్పాలో తెలీక ఉన్నమాట చెప్పేశాను. "పోయారు. పోయిన వారం."

బుద్రి నా మొహంలోకి చూసింది. ఏడవలేదు. ఆకు ముందు కూర్చుని, వాలుతున్న ఈగని తోలింది. తర్వాత ఆ ఆకుని అన్నంతో సహా రెండు చేతులతో ఎత్తి ఇంటిలోపలికి తీసుకెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. లోపల గోడ వార చిన్న చిన్న ఆకుల్లో కొత్త పెట్టి ఉంది. ఆ ఇంట్లో పోయినవాళ్ళకి పెట్టేది. మామగారికి, అత్తగారికి, భర్తకి, చిన్నప్పుడే పోయిన ఒక కొడుక్కి. వాళ్ళకి పెట్టాక పేరుపేరునా పిలిచి తినమనాలి. భర్త ఆకుని కాస్త పక్కకి జరిపి, ఆ జాగాలో ఈ ఆకు పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని తనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచింది. ఈ ఆకు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నావైపు తిరిగి అడిగింది.

"ఆ బాబు పేరేటి?"

చెప్పాను. ఆమె ఆ పేరుని నోట్లో ఒకసారి మెల్లగా అనుకుని చూసుకుంది. తర్వాత, తనవాళ్ళని పిలిచిన గొంతుతోనే, ఆ పేరు పెట్టి పిలిచి, తినమంది.